కాంక్రీటు గోడలో కిటికీ తీసి స్లైడింగ్ తలుపు పెట్టించడం ఎలా

విజయవాడ, గుంటూరు పట్టణాల్లో ఇరవై ముప్పై ఏళ్ల కిందట కట్టిన చాలా ఇళ్లలో హాలుకూ బాల్కనీకీ మధ్యనో, పడకగదికీ వెనక వసారాకూ మధ్యనో ఒక పెద్ద కిటికీ ఉంటుంది. దానికి ఇనుప గ్రిల్లు, లోపల చెక్క రెక్కలు, కింద మూడడుగుల గోడ ఉంటాయి. ఆ గోడ తీసేసి నేల దాకా అద్దాల తలుపు పెట్టుకుంటే సాయంత్రపు గాలి గదంతా తిరుగుతుందని, బాల్కనీ కూడా గదిలో కలిసినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ పని చేయించుకోవచ్చు, బాగా చేయిస్తే దశాబ్దాల పాటు సుఖంగా ఉంటుంది. నేను గుంటూరులో మా ఇంటి మొదటి అంతస్తులో 2023 సంక్రాంతి తర్వాత ఈ పని చేయించాను. ఆ మరుసటి ఏడాది విజయవాడలో మా చెల్లెలి ఫ్లాట్‌లో కూడా దగ్గరుండి చూసుకున్నాను. రెండు చోట్లా ఏది సరిగ్గా జరిగిందో, ఏది చెడిందో తెలిసిన తర్వాత ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక నిర్ణయం తీసుకోండి. కిటికీ పైన అడ్డంగా ఉన్న కాంక్రీటు దూలాన్ని, అంటే లింటెల్‌ను ముట్టుకోకుండా, కిటికీ వెడల్పును పెంచకుండా, కిటికీ కింద నేల దాకా ఉన్న గోడను మాత్రమే తీయించాలి. పైనున్న గోడ బరువునూ సన్‌షేడ్ బరువునూ మోస్తున్నది ఆ లింటెల్, దానికి ఆధారం కిటికీకి రెండు పక్కలా ఉన్న గోడ. ఆ రెండింటినీ కదిలించనంత వరకు మీరు చేయిస్తున్నది ఒక రోజు కోత, రెండు మూడు వారాల ముగింపు పని. వాటిని కదిలించారంటే అది ఇంటి బలానికి సంబంధించిన పని అవుతుంది.

మీ గోడ దేనితో కట్టిందో తెలుసుకోండి

మన దగ్గర గట్టిగా ఉన్న ప్రతి గోడనూ కాంక్రీటు గోడ అనేస్తారు. నిజానికి చాలా ఇళ్లలో కాంక్రీటు ఉండేది పిల్లర్లలోనూ బీముల్లోనూ శ్లాబులోనూ మాత్రమే, మధ్యలో నింపింది ఇటుక. కిటికీ కింది గోడలో కనపడని మూల 6 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఒక రంధ్రం వేయించి, రాలే పొడిని తెల్ల కాగితం మీద పట్టండి. పొడి ఎర్రగా వస్తే ఎర్ర ఇటుక. బూడిద రంగులో వస్తే మాత్రం తొందరపడి కాంక్రీటని అనుకోవద్దు, ఎందుకంటే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో బొగ్గు బూడిదతో చేసిన ఇటుకల వాడకం ఎక్కువ. బూడిద ఇటుకలో డ్రిల్లు మెత్తగా దిగుతుంది, గచ్చు చెక్కి చూస్తే మూడు నాలుగు అంగుళాలకొక సిమెంటు అతుకు కనపడుతుంది. కాంక్రీటులో డ్రిల్లు మొరాయిస్తూ నెమ్మదిగా దిగుతుంది, అతుకులు ఉండవు, అప్పుడప్పుడు కడ్డీకి తగిలి కణకణమంటుంది.

పిల్లర్లు, బీముల మధ్య ఇటుక నింపిన ఇల్లయితే పని తేలిక. సత్యనారాయణపురం, బ్రాడీపేట వంటి పాత పేటల్లో పిల్లర్లు లేకుండా తొమ్మిది లేదా పదమూడున్నర అంగుళాల గోడల మీదే శ్లాబు మోపిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ కూడా కిటికీ వెడల్పు మేరకే కిందికి తీస్తే సాధారణంగా ఇబ్బంది రాదు, కానీ కిటికీ అడుగున గోడ చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీ ఉందేమో చూడాలి. భూకంపాలను తట్టుకునే కట్టడాల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 : 2016 ప్రకారం విజయవాడ మూడో భూకంప మండలంలో ఉంది, భూమి కదిలినప్పుడు గోడలన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచేది ఆ పట్టీయే. దాన్ని తెంచవలసి వస్తే తెగిన కొసలను పక్క గోడల్లో ఎలా బిగించాలో ఇంజినీరు చెప్పాలి.

మూడో రకం నిజమైన కాంక్రీటు గోడ. ఈ మధ్య వస్తున్న చాలా అపార్ట్‌మెంట్లలో, ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలో అల్యూమినియం అచ్చులు పెట్టి గోడా శ్లాబూ కలిపి పోసే షియర్ వాల్ పద్ధతి వాడారు. ఈ ఇళ్లలో విడిగా పిల్లర్లు ఉండవు, గోడే పిల్లరు. కిటికీ కింద ఉన్న భాగం చూడటానికి బరువు మోయనట్టే ఉంటుంది గానీ, అటూ ఇటూ ఉన్న గోడలను కలిపే బీము లాగా అది పనిచేస్తూ ఉండవచ్చు. కాబట్టి ఇలాంటి గోడను స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగు చూసి, ఎంత వెడల్పు, ఎంత లోతు, తెగిన చోట ఏం చేయాలి అన్నది సంతకంతో రాసిచ్చిన తర్వాతే కోయించాలి. ఆయన వద్దంటే ఆ ఆలోచన అంతటితో మానుకోండి. మా చెల్లెలి ఫ్లాట్‌లో మేస్త్రీ, "కింద గోడే కదా సార్, పోయేదేముంది" అన్నాడు. మంచి పనివాడే, కానీ అతను జీవితమంతా ఇటుక గోడలే కొట్టాడు. ఇంజినీరు వచ్చి కడ్డీలను పసిగట్టే పరికరంతో గోడంతా చూసి, సుద్దతో గీతలు గీసినప్పుడు ఆరంగుళాల మందం గోడలో అరచేయి వెడల్పుకొక కడ్డీ ఉందని తేలింది.

అపార్ట్‌మెంటులో ఉంటే అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పిల్లర్లను, బీములను, ప్రధాన గోడలను ఉమ్మడి భాగాల్లో లెక్కిస్తుంది, కాబట్టి బయటి గోడ మీ ఒక్కరిదే కాదు. సొంత ఇల్లయినా, వీధి వైపు ముఖభాగం మారుతుంటే నగరపాలక సంస్థ ప్లానింగ్ విభాగంలో ముందుగా అడగడం మంచిది.

వెడల్పు సరిపోతుందా, బయట ఏముంది

రెండు రెక్కల స్లైడింగ్ తలుపు ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఐదడుగుల కిటికీ స్థానంలో పెడితే, ఫ్రేము మందమూ రెక్కల అంచులూ పోగా మనిషి నడవడానికి దొరికేది రెండుంపావు అడుగులే. మంచమో బీరువానో ఆ దారిన తీసుకెళ్లాలనుకునేవారికి అది చాలదు. అందుకే కిటికీ ఐదడుగులకు తక్కువైతే స్లైడింగ్ ఆలోచన మానుకుని, అదే చోట మామూలు రెక్కల తలుపు పెట్టించుకోమని చెబుతాను. నాలుగడుగుల కిటికీకి రెండు రెక్కల తలుపు పెడితే దాదాపు మూడున్నర అడుగుల దారి దొరుకుతుంది. స్లైడింగ్ మీద మోజుతో గోడను వెడల్పు చేయించడం కంటే ఇది అన్ని విధాలా మేలు.

కిటికీ బయట బాల్కనీ గానీ, వసారా గానీ, డాబా గానీ ఉండి తీరాలి. బాల్కనీకి కనీసం మూడున్నర అడుగుల రెయిలింగు ఉండాలి, అది ఊగకుండా ఉండాలి. నిన్నటి దాకా అటు వెళ్లని చిన్నపిల్లలు రేపటి నుంచి వెళతారు. తర్వాత చూడవలసింది నేల ఎత్తు. బయటి నేల లోపలి నేల కంటే కనీసం రెండంగుళాలు కిందికి ఉండి, నీళ్లు తలుపుకు దూరంగా పారేలా వాలు ఉండాలి. డాబా వైపు తెరుచుకునే గదుల్లో చాలాసార్లు ఇది తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే డాబా కారుతోందని ఏళ్ల తరబడి పొర మీద పొర వేయించడం వల్ల బయటి నేల లోపలి నేలతో సమానమైపోయి ఉంటుంది. కిటికీ ఉన్నంత కాలం కింది గోడ ఆ నీటిని ఆపింది. ఆ గోడ తీసేస్తే ఆపేది ఏమీ ఉండదు. అలాంటప్పుడు ముందు ఆ పొరలను తీయించి వాలు సరిచేయించండి, లేదా తలుపు కింద ఐదారు అంగుళాల గోడను అలాగే మిగిల్చి దాని మీద గ్రానైట్ పరిచి మెట్టులా వాడుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లు ఎలా మునిగాయో చూశాం. అటువంటి పల్లపు చోట గ్రౌండ్ ఫ్లోరులో నేల దాకా గోడ తెరిచే ఆలోచన వద్దనే నా అభిప్రాయం.

దిక్కు కూడా చూడండి. తూర్పు, దక్షిణం వైపు తలుపైతే గాలి బాగా వస్తుంది. పడమర వైపైతే మే నెలలో 45 డిగ్రీల ఎండ మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా గదిలోకి వచ్చిపడుతుంది, ఏసీ కూడా తట్టుకోలేదు. ఆ వైపు తప్పదనుకుంటే బయట వెదురు తెరలు గానీ, లోతైన సన్‌షేడ్ గానీ ముందే అనుకోండి.

ఈ పనికి అనువైన కాలం జనవరి నుంచి మార్చి దాకా. వానాకాలంలో గోడ తెరిచి పెట్టుకోకూడదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం, ఎండాకాలంలో సిమెంటు మాలు తడి నిలవక పగుళ్లిస్తుంది.

గోడ కోయించడం

ముందు రోజే గదిలోని సామాను బయట పెట్టించి, కదలని వాటి మీద పట్టాలు కప్పించి, గది గుమ్మానికి తడి దుప్పటి కట్టించండి. కాంక్రీటు పొడి మామూలు దుమ్ము కాదు, అందులోని ఇసుక రేణువులు ఊపిరితిత్తుల్లో నిలిచిపోతాయి. కోసేవారికి ఎన్95 మాస్కులు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి, పెట్టుకుంటేనే పని మొదలుపెట్టమని చెప్పండి. కిటికీ కింద ప్లగ్ పాయింటు గానీ, ఏసీ నీటి పైపు గానీ ఉంటే ఎలక్ట్రీషియన్ చేత ముందే పక్క గోడకు మార్పించి, ఆ వైపు కరెంటును ఆపే ఎంసీబీ స్విచ్చు దించేయించండి. గోడ లోపల వైర్లు ఎటు పోతున్నాయో తెలియనప్పుడు ఇంటి మెయినే ఆపి, కోత యంత్రానికి వేరే చోట నుంచి కరెంటు తీసుకోవాలి.

పాత కిటికీ ఫ్రేమును గునపంతో పెకలించనివ్వకండి. ఫ్రేమును గోడలో పట్టి ఉంచే ఇనుప పట్టీలు పక్కకు ఒక్కో వైపు రెండో మూడో ఉంటాయి. గునపంతో లాగితే అవి తమతో పాటు దోసెడు ఇటుకను పెళ్లగిస్తాయి, మనం కాపాడదామనుకున్న పక్క గోడే దెబ్బతింటుంది. ఫ్రేముకూ గోడకూ మధ్య గచ్చు చెక్కి, ఆ పట్టీలను గ్రైండరుతో కోసి, గ్రిల్లును రెండు ముక్కలు చేసి తీయించండి. పాత ఫ్రేము టేకుదైతే ముక్కలు చేయించకుండా జాగ్రత్తగా దింపించుకోండి, దానికి మంచి ధర వస్తుంది.

ఇప్పుడు గీత. కిటికీ పక్క అంచుల నుంచి గుండుమట్టం వేలాడదీసి నేల దాకా రెండు నిలువు గీతలు గీయించండి. గోడకు అవతలి వైపు కూడా అదే గీత పడాలంటే, గీత అడుగున మూల దగ్గర పొడవాటి డ్రిల్లుతో ఆరపార రంధ్రం వేసి, ఆ రంధ్రాన్ని గుర్తుగా తీసుకోవాలి. ఈ రంధ్రానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. కోత బ్లేడు గుండ్రంగా ఉంటుంది కాబట్టి గోడ ముఖం మీద గీత మూలకు చేరినప్పటికీ గోడ లోపల ఇంకా తెగని భాగం మిగులుతుంది. దాన్ని కూడా తెంచాలని పనివాళ్లు బ్లేడును గీత దాటించి కిందికి దించేస్తారు, ఆ దించడంలో నేల కింద ఉన్న బీముకు గాటు పడుతుంది. తర్వాత టైలు పరిచేస్తే ఆ గాటు ఎవరికీ కనపడదు, లోపలి కడ్డీ మాత్రం తెగి ఉంటుంది. కాబట్టి పెద్ద బ్లేడును నేలకు ఐదారు అంగుళాల ఎత్తులోనే ఆపించి, మిగిలినది వరుసగా రంధ్రాలు వేసి, చిన్న గ్రైండరుతోనూ ఉలితోనూ ముగించమనండి. మా ఇంట్లో ఈ ఒక్క విషయం కోసం నేను గంటసేపు అక్కడే కూర్చున్నాను.

ఐదంగుళాల చేతి గ్రైండరు ఒకటింబావు అంగుళం లోతుకే కోస్తుంది. అది గచ్చు కోయడానికి, ఇటుక గోడ అంచు గీయడానికి పనికొస్తుంది. కాంక్రీటు గోడకు పద్నాలుగంగుళాల డైమండ్ బ్లేడు యంత్రం కావాలి. అది నాలుగున్నర, ఐదు అంగుళాల లోతు కోస్తుంది, అంటే ఆరు నుంచి తొమ్మిది అంగుళాల గోడను రెండు వైపుల నుంచీ కోస్తే తెగుతుంది. బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి. బద్ద మీద నడిచే వాల్ సా యంత్రం దొరికితే మరీ మంచిది, గీత తేడా రాదు, గోడ అదరదు. అంచులు కోయకుండానే కాంక్రీటును బద్దలుకొట్టే బ్రేకరు యంత్రం పెట్టి కొట్టడం మొదలుపెడితే, ఆ అదురు పక్క గోడలోకి, లింటెల్ దాకా పోయి గచ్చు ఊడుతుంది. రెండు నిలువు గీతలూ పూర్తిగా తెగిన తర్వాతే బ్రేకరు అందుకోనివ్వండి.

బరువు లెక్క ముందే తెలిసి ఉండాలి. ఐదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, ఆరంగుళాల మందం ఉన్న కాంక్రీటు ముక్క సుమారు 530 కిలోలు ఉంటుంది. దాన్ని ఒక్కటిగా తీయడం సాధ్యం కాదు, సాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అడుగు చదరం ముక్కలుగా గీతలు కోయించి, పైనుంచి కిందికి ఒక్కో వరుస తీయించాలి. ఒక్కో ముక్క 35 కిలోలు ఉంటుంది, ఇద్దరు పట్టుకుంటే దిగుతుంది. కింది నుంచి తవ్వితే పైది ఒక్కసారిగా కూలి కాళ్ల మీద పడుతుంది. తీసిన ముక్కలను బాల్కనీలో కుప్ప పోయనివ్వకండి, గోడ నుంచి బయటికి చాచిన శ్లాబు అర టన్ను బరువును ఒక్క మూల మోయడానికి కట్టింది కాదు. ఎప్పటికప్పుడు గోనెసంచుల్లో కిందికి చేర్చాలి. ఆ రద్దును కాలువ గట్టున పారబోయించకండి, నగరపాలక సంస్థ చెప్పిన చోటికే పంపించండి.

కాంక్రీటులో తెగిన కడ్డీల కొసలు అంచులో మెరుస్తూ కనపడతాయి. వాటిని అలాగే వదిలి గచ్చు పూస్తే రెండు వానాకాలాలు తిరిగేసరికి తుప్పుపట్టి ఉబ్బి గచ్చును నెట్టేస్తాయి. ప్రతి కడ్డీ చుట్టూ అంగుళం లోతు చెక్కించి, కొసను ఆ లోతుకు కోయించి, జింకు ప్రైమరు పూయించి, పాలిమరు కలిపిన సిమెంటు మాలుతో నింపించండి.

వెడల్పు పెంచక తప్పనప్పుడు

కొందరికి ఎంత చెప్పినా ఆరడుగులు, ఎనిమిదడుగులు కావాలనిపిస్తుంది. అప్పుడు పాత లింటెల్ తీసి కొత్తది వేయాలి, పాత లింటెల్‌తో కలిపి పోసిన సన్‌షేడ్ సంగతి ముందు తేలాలి. సన్‌షేడ్ గాలిలో నిలబడింది తన బలంతో కాదు, లింటెల్ మీద కూర్చున్న గోడ బరువు దాన్ని వెనక నుంచి అదిమిపట్టి ఉంచుతుంది. లింటెల్ కొస కింది గోడను చెక్కిన క్షణం అది ముందుకు ఒరుగుతుంది, ఈ పనిలో మనుషులకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఇంజినీరు ఎదుట, సన్‌షేడ్ కిందా శ్లాబు కిందా జాకీలు పెట్టి, లింటెల్ పైన గోడకు ఆరపార రంధ్రాలు చేసి ఇనుప దూలాలు దూర్చి రెండు వైపులా జాకీల మీద మోపిన తర్వాతే పని మొదలవ్వాలి. కొత్త లింటెల్ రెండు కొసలూ పక్క గోడల మీద కనీసం తొమ్మిదేసి అంగుళాలు కూర్చోవాలి. కాంక్రీటు పోసిన తర్వాత 14 రోజుల దాకా జాకీలు కదపకూడదు, అన్ని రోజులూ తడుపుతూనే ఉండాలి. మన దగ్గర ఎక్కువగా అమ్మేది బూడిద కలిసిన పీపీసీ సిమెంటు, అది నెమ్మదిగా గట్టిపడుతుంది, వేడిగాలిలో దానికి తడి ఇంకా ఎక్కువ రోజులు కావాలి. నిజమైన కాంక్రీటు గోడలో మాత్రం వెడల్పు పెంచే మాటే ఎత్తవద్దు.

అంచులు, గడప

గోడ తీసిన చోట నేలలో తొమ్మిది అంగుళాల వెడల్పున గుంట మిగులుతుంది. అక్కడ పాత టైలుకు సరిపోయే టైలు వెతికి అలసిపోకండి, చీమకుర్తి నల్ల గ్రానైట్ పలకను ఒకే ముక్కగా వేయించండి, చూడటానికి గడప లాగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు గడప లేని ద్వారం ఏమిటని అడిగితే వారికీ తృప్తిగా ఉంటుంది, మా అమ్మగారు పండగ రోజున దానికే పసుపు రాస్తారు. ఆ పలక బయటి వైపుకు పావంగుళం వాలుగా ఉండాలి, బయటి అంచు గోడ కంటే అంగుళం ముందుకు వచ్చి, అడుగున సన్నని గాడి ఉండాలి. వాన నీరు పలక అడుగు నుంచి వెనక్కి పాకకుండా ఆ గాడి దగ్గర బొట్లుగా రాలిపోతుంది. పలక కింద మాలు పరిచే ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేయించి, దాన్ని పక్క గోడల మీదికి అరడుగు ఎక్కించండి.

పక్క అంచులకు ఒకటికి నాలుగు పాళ్ల మాలుతో గచ్చు చేయించి, రసమట్టంతో నిలువు, మూలమట్టంతో మూలలు చూసుకుంటూ నునుపు చేయించండి. వారం రోజులు తడపండి. ఎదురెదురు మూలల కొలతలు రెండూ తీసి చూస్తే తేడా మూడు మిల్లీమీటర్లకు మించకూడదు.

తలుపు కొలత ఇప్పుడే తీయాలి, ఇంతకు ముందు కాదు. మా చెల్లెలి ఫ్లాట్‌లో తలుపు చేసిచ్చే వ్యాపారి, రోజులు కలిసొస్తాయని చెప్పి కిటికీ ఉండగానే కొలత తీసుకుపోయాడు. గోడ తెరిచాక చూస్తే ఒక పక్క అడుగున 14 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. ఫ్రేము కుదించారు గానీ అద్దం కుదించలేకపోయారు. టఫెన్డ్ గ్లాసును ఒకసారి కాల్చి గట్టిపరిచాక కోయడం కుదరదు, గ్రైండరు తగిలితే మొత్తం గుండ్లయి రాలిపోతుంది. ఒక రెక్క అద్దం కొత్తగా చేయించి, ఇరవై రోజులు ప్లైవుడ్ అడ్డం పెట్టుకుని గడపవలసి వచ్చింది.

తలుపు ఎంచుకోవడం

యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్, అల్యూమినియం రెండూ మంచివే. యూపీవీసీ చప్పుడునూ వేడినీ బాగా ఆపుతుంది, కానీ ఎండకు ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల యూపీవీసీ పట్టీ 30 డిగ్రీల తేడాకు సుమారు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది, అల్యూమినియం ఒకటిన్నర మిల్లీమీటరు లోపే పెరుగుతుంది. అందుకే యూపీవీసీ ఫ్రేముకు చుట్టూ ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచాలి, జనవరిలో బిగువుగా కూర్చోబెడితే మే నెలలో రెక్క కదలదు. కట్టడాల మీద పడే గాలి, బరువుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విజయవాడకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది, కాబట్టి యూపీవీసీ లోపల గాల్వనైజ్ చేసిన ఉక్కు పట్టీ ఉందో లేదో కొస తెరిపించి కళ్లతో చూడండి.

అద్దం టఫెన్డ్ అయి తీరాలి, మూలన ముద్ర ఉండాలి. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న 8 మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే 32 కిలోలు తూగుతుంది, రోలర్లు ఆ బరువుకు తగినవేనా అని అడగండి. దోమతెర రెక్క జరగడానికి మూడో ట్రాకు తప్పనిసరి. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచి పారే విజయవాడలో సాయంత్రం తలుపు తీసేది గాలి కోసమైతే, స్టీలు జాలీ రెక్క లేకుండా ఆ గాలి మీకు దక్కదు. రెక్కను బయటి నుంచి పైకెత్తి ఊడదీయకుండా అడ్డుకునే ముక్క, రెండు మూడు చోట్ల పట్టే తాళం కూడా అడగండి, ఎందుకంటే మీరు తీసేసిన ఇనుప గ్రిల్లు ఇన్నాళ్లూ ఇంటికి కాపలా కాసింది. చదరపు అడుగు ధర చెప్పినప్పుడు అందులో జాలీ, తాళం, సిలికాన్, బిగింపు కలిసున్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

బిగించడం, నీటి పరీక్ష

ఫ్రేమును గడప మీద నిలిపి, ప్లాస్టిక్ ముక్కలతో సర్ది, రసమట్టం అడ్డంగా నిలువుగా చూసిన తర్వాత మూలలకు ఆరంగుళాల దూరంలో గోడలోకి దిగే పొడవాటి స్క్రూ, అంటే ఫాస్టెనర్, మొదటిది, అక్కడి నుంచి రెండడుగులకొకటి చొప్పున బిగించాలి. బూడిద ఇటుకలోనూ, తేలికపాటి బ్లాకుల్లోనూ ఫాస్టెనర్ సరిగా పట్టదు, అలాంటి గోడలో ఫాస్టెనర్ పడే చోట్ల ముందే చిన్న కాంక్రీటు దిమ్మలు పోయించాలి. కింది ట్రాకులో నీరు నిలిచే గాడిలో స్క్రూ వేయనివ్వకండి, తప్పకపోతే స్క్రూ తల మీద సిలికాన్ పూయించండి. ఫ్రేముకూ గోడకూ మధ్య ఉబ్బి గట్టిపడే పీయూ ఫోమ్ నురగ నింపి, అది ఆరాక కోసి, బయటి వైపు వాతావరణాన్ని తట్టుకునే సిలికాన్ గీత ఎక్కడా తెగకుండా వేయాలి.

కింది ట్రాకు బయటి అంచులో చిన్న చీలికలు ఉంటాయి. ట్రాకులో పడిన నీరు బయటికి పోయే దారి అదొక్కటే. మా ఇంట్లో గ్రానైట్ అంచు అందంగా ఉండాలని ఎవరో తెల్ల సిమెంటుతో ఆ చీలికలను నున్నగా పూడ్చేశారు, నేను గమనించలేదు. పదినెలల పాటు ఏమీ తెలియలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాటి వానకు ట్రాకు నిండా నీళ్లు నిలిచి, లోపలి అంచు మీదుగా పొంగి, గోధుమ రంగు గీతలా దివాను కాళ్ల దాకా పాకాయి. గుడ్డలు పరుస్తూ ఆ రాత్రంతా గడిపాం. తెల్లారి గుండుసూదితో చీలికలు పొడిస్తే ఐదు నిమిషాల్లో ట్రాకు ఖాళీ అయింది.

కాబట్టి పనివాళ్లకు చివరి డబ్బు ఇచ్చే ముందు వాళ్ల ఎదుటే ట్రాకులో రెండు చెంబుల నీళ్లు పోయండి, అవి ఒకటి రెండు నిమిషాల్లో బయటికి పోవాలి. తర్వాత తలుపు మూసి, బయటి నుంచి గొట్టంతో పావుగంట సేపు అద్దం మీదా అంచుల మీదా నీళ్లు కొట్టించి, లోపల టిష్యూ కాగితంతో నాలుగు మూలలూ తడిమి చూడండి. ఏ మూలైనా తడి తగిలితే ఆ చోట సిలికాన్ పూర్తిగా తీసి, ఆరబెట్టి, మళ్లీ వేయించాలి. పాతదాని మీద కొత్తది పూస్తే అంటదు.

పిల్లలున్న ఇంట్లో వారి కళ్ల ఎత్తులో అద్దానికి రంగు పట్టీ అంటించండి, తలుపు మూసి ఉందో తెరిచి ఉందో తెలియక పరిగెత్తుతారు. రెండు మూడు వారాల తర్వాత రెక్కలు కొద్దిగా కిందికి కూర్చుంటాయి, అప్పుడు అంచున ఉన్న చిన్న మూత తీసి రోలరు స్క్రూ తిప్పితే మళ్లీ తేలిగ్గా జరుగుతాయి. ఏటా జూన్ మొదట్లోనూ, అక్టోబరు మొదట్లోనూ పాత టూత్ బ్రష్‌తో ట్రాకు తోమి, చీలికల్లో దుమ్ము తీసి, ఒక చెంబు నీళ్లు పోసి చూసుకోండి.